కట్టేయ్, కొట్టేయ్

లోకంలో కోతలు కోసేవాళ్ళకు కొదవ లేదు. ఈయన మాత్రం నోటితో కాదు, మిషనుతో కోస్తాడు. గోడలు, శ్లాబులు, మెట్లు, ఎవరో ఎప్పుడో తప్పుగా పోసి పోయిన అరుగులు. వంటగది గోడలో కిటికీ పెట్టాలన్నా, ఇరుకు గుమ్మాన్ని వెడల్పు చెయ్యాలన్నా, శ్లాబులోంచి గొట్టం దిగడానికి గుండ్రంగా కన్నం పడాలన్నా జనం ఆయన్నే పిలుస్తారు. అసలు పేరు ఎవరికీ పట్టలేదు. వెనకాల కోతల మేస్త్రి అంటారు. ఎదురుగా అంటే మాత్రం, "కోతలు కాదు, కోత. కోత మేస్త్రి" అని అక్కడికక్కడే దిద్దుతాడు.

"ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని కోసి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. ఎందుకో తెలుసా? వాళ్ళ వల్ల కాలేదు" అంటాడు. నోటితో ఆయన కోసే కోత ఇదొక్కటే.

ఆ గొప్ప ఊరికే రాలేదు. మీసాలు రాకముందే తాపీ పనిలో ఇసుక మోశాడు. కట్టేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు, కోసేవాడు ఒక్కడూ లేడని కనిపెట్టి ఇటు తిరిగాడు. కాంక్రీటు కోయడమంటే గుమ్మడికాయ కోయడం కాదు. వజ్రపు పొడి అంటించిన బ్లేడు గిర్రున తిరుగుతుంటే దాని మీద నీళ్ళు పడుతూనే ఉండాలి. పడకపోతే బ్లేడు మాడిపోతుంది, ఇంట్లో మనిషికి మనిషి కనపడనంత దుమ్ము లేస్తుంది. మూల దగ్గర బ్లేడు కాస్త ముందుకు దూకిందంటే ఆ మచ్చ ఇక గోడను వదలదు, ఏడాది తిరక్కుండా అక్కణ్ణించే బీట మొదలవుతుంది. అందుకే మేస్త్రి ముందు నాలుగు మూలలా కన్నాలు వేసుకుని, సరిగ్గా కన్నం అంచున బ్లేడును ఆపుతాడు. ఆయన కోసిన మూలలు చూడ్డానికి వేరే మేస్త్రులు పనిగట్టుకుని వచ్చిన రోజులున్నాయి.

ఇక అనుమానం సంగతి. అనుమానం పెనుభూతం అంటారు గానీ, ఈ పనిలో అదే కూడు పెడుతుంది. "ఈ గోడలో ఏమీ లేదండీ, మా మామగారు దగ్గరుండి కట్టించారు" అని ఇంటివాళ్ళు ఎంత నమ్మకంగా చెబితే ఆయనకు అంత అనుమానం. వేలి కణుపులతో కొడతాడు, చిన్న సుత్తితో కొడతాడు, చెవి ఆనించి వింటాడు. ఇక్కడ ఇనప ఊచ, ఇక్కడ బోలు, ఇక్కడ ఎవడో వెధవ సంచీ ముక్కలు కుక్కి పైన సిమెంటు రాశాడు అని చెప్పేస్తాడు. "గోడలకు చెవులుంటాయని అందరికీ తెలుసు. నోరు కూడా ఉంటుందని నాకే తెలుసు" అనేవాడు. పెళ్ళి మాటలకు మామగారింటికి వెళ్ళినప్పుడు కూడా మాటల మధ్యలో వెనక గోడను టకటకా కొట్టి చూశాడట. ఆ సంగతి ఆయన భార్య ఇప్పటికీ చెప్పి దెప్పుతుంది.

కోత మొదలయ్యాక బ్లేడు పాడే పాటలో తేడా వస్తుంది. రాయి తగిలితే ఒక గొంతు, ఇనుము తగిలితే ఇంకో గొంతు. ఆ తేడా పట్టుకోవడానికి మేస్త్రి ఏనాడూ చెవులకు మోత ఆపే డిప్పలు పెట్టుకోలేదు. "చెవులు మూసుకుంటే గోడ చెప్పేది ఎవరు వింటారు?" అనేవాడు. ఎవరెన్ని చెప్పినా ఆ ఒక్క మాట మాత్రం చెవిన వేసుకోలేదు.

గోడల మీద ఉన్నంతకాలం ఆ అనుమానం బాగానే ఉంది. అది గోడ దిగి ఇంట్లోకి నడిచి వచ్చాక మొదలైంది అసలు గోల.

ఇంట్లో గుసగుసలు ఎక్కువయ్యాయి. మొదట భార్య ఒక్కతే అనుకున్నాడు. తరవాత చూస్తే బావమరిది కూడా. బావమరిదంటే భార్య తమ్ముడు, చేతికింద పనివాడిగా చేరి, పని నేర్చుకుని, పిల్లల తండ్రయినా ఇంకా ఆయన వెంటే ఉన్న మనిషి. కోత సమయంలో మేస్త్రి గోడకు ఇవతల ఉంటే బావమరిది అవతల ఉంటాడు. అలాంటివాడు ఇప్పుడు వంటగదిలో అక్క పక్కన నిలబడి పెదవులు కదుపుతున్నాడు, మాట మాత్రం బయటికి రావడం లేదు. మేస్త్రి గుమ్మంలో కాలు పెడితే ఇద్దరూ ఠక్కున ఆగిపోతున్నారు.

"ఏంటా గుసగుసలు?" అని ఒకరోజు నిలదీశాడు.

"గుసగుసలేంటి బావా? మామూలుగానే మాట్లాడుకుంటున్నాం" అన్నాడు బావమరిది. అని, అక్క వంక చూశాడు. ఆ చూపు మేస్త్రి గుండెల్లో గుచ్చుకుంది.

ఆ గుసగుసల్లో ఆయనకు ఒక్క మాట మాత్రం రెండుసార్లు చిక్కింది. 'మిషను.' దాంతో విషయం అర్థమైపోయింది. అక్కా తమ్ముళ్ళు కలిసి తన చేతిలోంచి మిషను లాగేసి వాడి చేతిలో పెట్టాలని చూస్తున్నారు. మిషను పోతే తనకేం మిగులుతుంది? ఇసుక మోయడానికి నడుం లేదు. తాపీ పట్టడం ఆ చెయ్యి ఎప్పుడో మరిచిపోయింది. కోత లేని కోత మేస్త్రిని ఎవరు పిలుస్తారు, ఏమని పిలుస్తారు?

అనుమానం పడ్డవాడికి సాక్ష్యాలు వెతుక్కుంటూ వస్తాయి. ఇళ్ళవాళ్ళు ఈమధ్య మేస్త్రితో మాట్లాడడం మానేసి బావమరిదితో మాట్లాడుతున్నారు. తాను గీత గీశాక వాడు వచ్చి, "బావా, ఇటు నాలుగు వేళ్ళు జరుపు, ఇంటావిడ అడిగారు" అంటున్నాడు. ఇంటావిడ తనను అడగకుండా వాణ్ణి ఎందుకడిగింది? గోడ మీద చూస్తే, తాను రాకముందే ఎవరో పెట్టిన సన్నని పెన్సిల్ చుక్కలు. ఒక ఇంట్లో అయితే పాత గీతలనుకోవచ్చు, ప్రతి ఇంట్లోనూ ఉంటే? అంటే వాడు ముందే వెళ్ళి ఆ ఇళ్ళను మంచి చేసుకుంటున్నాడన్నమాట.

ఇంకోటి కూతపెట్టె. గోడలో ఇనుమో, కరెంటు తీగో ఉంటే కుయ్‌మని కూసే చిన్న పెట్టె అది. పాతది, దీపాలూ గీపాలూ లేవు, కూత ఒక్కటే దానికి తెలిసిన విద్య. అది ఉన్నట్టుండి మూగబోయింది. ఎన్ని గోడలకు ఆనించినా కిక్కురుమనలేదు. కొత్త బ్యాటరీ వేసినా అంతే. బావమరిదే ఎక్కడో పడేసి పగలగొట్టి ఉంటాడని మేస్త్రి తీర్మానించాడు. "చచ్చింది, అటక మీద పడెయ్" అన్నాడు. వాడు మారు మాట్లాడకుండా తీసుకెళ్ళాడు. తప్పు చెయ్యనివాడు మారు మాట్లాడకుండా ఎందుకుంటాడు?

అలాంటి రోజుల్లో టీచరమ్మ ఇంటి పని వచ్చింది. బళ్ళో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. భర్తకు ఒక పక్క పడిపోయి చక్రాల కుర్చీలో హాల్లోనే ఉంటాడు. వంటగదికీ హాలుకూ మధ్య ఉన్న కాంక్రీటు గోడలో పెద్ద కిటికీ కావాలంది.

"ఆయన గొంతు బాగా తగ్గిపోయిందండీ. పిలిచినా నాకు వినపడదు. కనీసం కనపడితే చాలు" అంది.

వినపడదు అనే మాట ఆవిడ ఎంత తేలిగ్గా అనేసిందో అని మేస్త్రికి ఆశ్చర్యం వేసింది. ఎందుకు వేసిందో ఆయన ఆలోచించలేదు. గోడ వైపు తిరిగి టకటకా కొట్టాడు, చెవి ఆనించాడు, తల ఊపాడు. గీత గీశాడు. అక్కడా పెన్సిల్ చుక్కలు ఉన్నాయి. బావమరిది వచ్చి, "ఎడమ పక్కకు కాస్త జరుపు బావా, టీచరమ్మగారు అడిగారు" అన్నాడు. మేస్త్రి పళ్ళు కొరికి జరిపాడు.

పెద్దాయన్ను కుర్చీతో సహా పడగ్గదిలోకి తోశారు. టీచరమ్మ పడగ్గది గుమ్మంలో నిలబడింది. హాల్లో నేల మీద ప్లాస్టిక్ పట్టా పరిచి, గోడ కింద ఇసుక మూటలు పేర్చి బావమరిది అవతల ఉన్నాడు. మేస్త్రి వంటగదిలో మిషను ఎత్తాడు.

ఈ పనికో నియమం ఉంది. అది పెట్టింది మేస్త్రే. కోసిన ముక్కను సందుల్లో చెక్కలు బిగించి ఆపుతారు. అవతల అంతా సర్దుకుని బావమరిది "కొట్టేయ్" అని కేకేస్తేనే ఇవతల చెక్కలు ఊడదీసి సమ్మెట ఎత్తాలి. ముక్క అవతలకు, ఇసుక మూటల మీద పడుతుంది. ఆ కేక రాకుండా సమ్మెట లేవకూడదు, ప్రళయం వచ్చినా సరే.

ఆఖరి కోత పూర్తయింది. మేస్త్రి మిషను ఆపి కింద పెట్టాడు. నీళ్ళ గొట్టం ఇంకా పారుతూనే ఉంది. సిమెంటు నీళ్ళు గోడ సందులోంచి హాల్లోకి కారుతున్నాయి. ఆయన మాత్రం సమ్మెట మీద చెయ్యి వేసి కేక కోసం చూస్తున్నాడు. అవతల్నుంచి కేక వచ్చింది.

"...ట్టేయ్ బావా!"

చెక్కలు ఊడదీశాడు. కొట్టాడు. ఒక్క దెబ్బకు ముక్క కదిలి అవతలికి ఒరిగింది. ఆ వెంటనే వచ్చిన కేక మాత్రం ఆయనకు బాగా వినపడింది.

హాల్లోకి పరిగెత్తి చూస్తే బావమరిది నేల మీద ఉన్నాడు. కాంక్రీటు ముక్క అంచు కింద వాడి పాదం. పక్కనే వాడి చేతిలో పట్టా కొస. టీచరమ్మ ముఖం పాలిపోయి ఉంది. మేస్త్రి ఆ ముక్కను ఎలా ఎత్తాడో ఆయనకే తెలియదు.

ఆసుపత్రిలో పాదానికి కట్టు వేశారు. వేళ్ళు విరిగాయి, పాదం దక్కింది, నెలల తరబడి బరువు మోపకూడదన్నారు. అక్క ఏడుస్తూ వచ్చింది. "ఎలా జరిగిందిరా?" అని అడిగింది.

మంచం మీదున్న బావమరిది మేస్త్రి ముఖంలోకి సూటిగా చూస్తూ, ప్రతి మాటా విడివిడిగా, గట్టిగా చెప్పాడు. "నాదే తప్పక్కా. పట్టా సర్దకుండానే కొట్టేయ్ అనేశాను. బావ నేనన్నట్టే చేశాడు."

మేస్త్రి గుండెల మీంచి పెద్ద బరువు దిగింది. దిగిన బరువు నేలను తాకక ముందే అనుమానం లేచింది. వీడు ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ముందు కేక వేసినవాడు కాదు. పైగా అంత తప్పు ఒప్పుకుంటూ తన ముఖంలోకి ఎందుకు చూశాడు? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాణ్ణి ఆయన చూశాడు గానీ, దొంగతనం తన నెత్తిన తనే వేసుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాడు. ఆ రాత్రి కంటి మీద కునుకు పడలేదు.

పొద్దున్నే సామాను సర్దడానికి టీచరమ్మ ఇంటికి వెళ్ళాడు. పెద్దాయన కుర్చీలో కూర్చుని కొత్త కన్నంలోంచి వంటగదిలోకి చూస్తున్నాడు. భార్య అటు నుంచి చెయ్యి ఊపుతోంది. మేస్త్రి ఆ కిటికీ మూలలు చూశాడు. కోత బాగానే కుదిరింది, ఆ సంగతే ఆయనకు సిగ్గుగా అనిపించింది.

"అబ్బాయికి ఎలా ఉందండీ?" అని అడిగింది టీచరమ్మ. బడిలో వెనక బల్లలకు వినపడేలా మాట్లాడిన గొంతు, ఆవిడ మాటలు ఆయనకు బాగానే అందుతాయి.

"పర్వాలేదమ్మా. తొందరపడి కొట్టేయ్ అన్నాడు, అంతే."

కిటికీ అంచు తుడుస్తున్న ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "కొట్టేయ్ అనలేదండీ. సిమెంటు నీళ్ళు పడగ్గది వైపు వస్తున్నాయని పట్టా లాగడానికి వంగి, 'నీళ్ళు కట్టేయ్ బావా' అన్నాడు. నేను గుమ్మంలోనే ఉన్నానుగా. కట్టేయ్ అన్నాడు."

కట్టేయ్. కొట్టేయ్. మేస్త్రి ఆ రెండు మాటలూ లోపల్లోపల అనుకుని చూశాడు. ఒకటి కుళాయికి, ఇంకోటి గోడకు. తాను విన్నది చివరి సగం. మొదటి సగం తాను వినాలనుకున్నది.

గోడ పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళెదుటే ఆ పెన్సిల్ చుక్కలు. అనుమానం పాత అలవాటు కదా, చచ్చేదాకా పోదు. "గీత ఎడమకు జరపమని మీరేనా అమ్మా అడిగింది?" అన్నాడు.

"నేనా? నాకేం తెలుసు ఆ గీతలు? మీ బావమరిదే ముందురోజు సాయంత్రం వచ్చి, గోడంతా ఆ పెట్టెతో వెతికి చుక్కలు పెట్టుకున్నాడు. కుడిపక్క కరెంటు తీగ ఉందన్నాడు. మీకు చెప్పొద్దన్నాడు గానీ... మీరు అడిగారు కాబట్టి చెబుతున్నా."

"ఏ పెట్టె?"

"అదే, ఆయన సంచీలో ఉంటుందిగా. చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది."

బావమరిది సంచీ హాల్లోనే మూలన ఉంది. విప్పితే పైనే పాత గుడ్డలో చుట్టి కూతపెట్టె. మేస్త్రి దాన్ని తీసి మీట నొక్కి గోడకు ఆనించాడు. కుడి పక్కకు జరిపాడు. చుక్కల మీదకు తెచ్చాడు. నిశ్శబ్దం. తల తిప్పి టీచరమ్మను చూశాడు. ఆవిడ నొసలు ముడుచుకుని, ఒక చెవి మీద చెయ్యి వేసుకుంది. కుర్చీలో పెద్దాయన కూడా ఇటు తిరిగాడు.

"అరుస్తోందా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

"వినపడట్లేదా మీకు?" అంది ఆవిడ.

ఆయన చేతిలో పెట్టె సన్నగా అదురుతోంది. ఆ అదురు వేళ్ళకు తెలుస్తోంది. కూత మాత్రం ఈ లోకంలో తనకొక్కడికి తప్ప అందరికీ వినపడుతోంది. ఇంట్లో గుసగుసలు అర్థమయ్యాయి. అవి గుసగుసలు కావు. ఎవరూ గొంతు తగ్గించలేదు. కోత మేస్త్రి నేల మీద చతికిలబడి, చేతుల్లో ముఖం దాచుకున్నాడు.

బావమరిదిని అక్క తన ఇంటికే తెచ్చుకుంది. మేస్త్రి వచ్చేసరికి వాడు మంచం మీద, దిండు మీద కాలు పెట్టుకుని ఉన్నాడు. మేస్త్రి కూతపెట్టెను వాడి ఒళ్ళో పెట్టాడు.

"ఇది చావలేదురా" అన్నాడు.

వాడు తల దించుకున్నాడు.

"కట్టేయ్ అన్నావటగా."

"ఎవరు చెప్పారు బావా?"

"గోడ చెప్పింది" అన్నాడు మేస్త్రి. అని, భార్య వైపు తిరిగాడు. "ఒక్కటి అడుగుతాను, ఇద్దరూ నిజం చెప్పండి. నా చేతిలోంచి మిషను తీసేద్దామనే కదా మీరు మాట్లాడుకున్నది?"

అక్కా తమ్ముడూ ముఖాలు చూసుకున్నారు. ఈసారి ఆ చూపు ఆయనకు గుచ్చుకోలేదు.

"అవును బావా" అన్నాడు బావమరిది గట్టిగా.

మేస్త్రి నిట్టూర్చాడు. అంటే తన అనుమానం నిజమే. కారణం ఒక్కటే తప్పు.

భార్యకు మాత్రం కోపం వచ్చింది. దగ్గరికి వచ్చి, ఆయనకు ఎదురుగా కూర్చుని గొంతు పెంచింది. "తీసేయడమేంటి? మిమ్మల్ని అడగకుండా చేశామా? ఈ మంచం మీదే కూర్చుని అడిగాను. ఇక మిషను వాడికి ఇచ్చేద్దామా అంటే ఊఁ అన్నారు. చెవులు చూపించుకుందామా అంటే ఊఁ అన్నారు. వాడు ముందురోజు వెళ్ళి గోడలు చూసొస్తాడు, మీరేమీ అనుకోరుగా అంటే దానికీ ఊఁ అన్నారు. మర్నాడు చూస్తే మామీదే చిందులు!"

మాట అందనప్పుడల్లా, మళ్ళీ చెప్పమంటే చిన్నతనమని, తాను ఊఁ కొడుతూ వచ్చిన సంగతి మేస్త్రికి తెలుసు. ఏ మాటకు కొట్టాడో మాత్రం తెలియదు. తన మీద కుట్ర పన్నినవాళ్ళు ఇద్దరనుకున్నాడు. మూడోవాడు తానే. ముందు నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకోవాలని కూడా ఆయనకు తోచలేదు.

వాడి కట్టు మీద మెల్లగా చెయ్యి వేశాడు. "కాలు బాగయ్యాక మిషను నువ్వే పట్టు. చెవులకు డిప్పలు పెట్టుకుని పట్టు, లేదంటే తంతాను. అవతలివైపు నేనుంటా. నా కళ్ళకేం కాలేదు. కేక నేనేస్తే నీకు వినపడుతుందిగా."

"డిప్పలు పెట్టుకుంటే ఎలా వినపడుతుంది బావా?" అన్నాడు వాడు.

"అయితే తాడు కట్టుకుందాం. ఒకసారి లాగితే కట్టేయ్, రెండుసార్లు లాగితే కొట్టేయ్. ఆ దరిద్రపు మాటలు రెండూ ఇక నా పనిలో వినపడకూడదు."

"అవి నీకు ఎలాగూ వినపడవుగా" అన్నాడు బావమరిది. అనేసి నాలిక్కరుచుకున్నాడు. మేస్త్రి వాడి నెత్తిన ఒక్కటిచ్చాడు. ముగ్గురూ నవ్వారు.

భార్య లేచి వంటగదిలోకి వెళుతూ, వీపు ఇటు పెట్టి ఏదో అంది. మాట గాలిలో కరిగిపోయింది. మేస్త్రి నోరు అలవాటుగా తెరుచుకుంది. ఊఁ గొంతుదాకా వచ్చింది. ఆయన దాన్ని అక్కడే ఆపాడు, కన్నం అంచున బ్లేడును ఆపినట్టు.

"ఏమన్నావు? నాకు వినపడలేదు. మళ్ళీ చెప్పు" అన్నాడు.

ఆవిడ గుమ్మంలో ఆగిపోయింది. ఇన్నాళ్ళకు ఈ మాట ఆ నోట విన్నది. వెనక్కి వచ్చి, ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి, పక్కింటి గోడలకు కూడా వినపడేలా అడిగింది.

"రేపు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దామా అంటున్నాను!"

"ఊఁ" అన్నాడు మేస్త్రి. ఈసారి విని అన్నాడు.